ఇస్త్రీ షాపు ముందు దిగిన సోఫా

ఆ రోజు పొద్దున కోడలు షట్టరు ఎత్తేసరికి షాపు మెట్టు మీద ఇద్దరు మగవాళ్లు కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. కొత్తవాళ్లు చూస్తే పాపం అన్నదమ్ములకు మాటల్లేవేమో అనుకుంటారు. కోడలు కొత్తది కాదు. ఈ ఇంటికొచ్చిన ఇరవై ఏళ్లుగా ఆ ఖాళీని చూస్తూనే ఉంది. ఆ చోటు అత్తగారిది. ఆమె అత్తగారిది కాదు, సినిమాలో అత్తగారిది.

"ఎనభై తొమ్మిది అక్కా!" అన్నాడు అందులో ఒకడు, నమస్కారం పెట్టినంత భక్తిగా.

"నేనింకా మొహం కూడా కడుక్కోలేదు. మెట్టు కడగాలి, లేవండి" అంది కోడలు.

లేచారు. బకెట్టెడు నీళ్లు పోసి వెళ్లగానే తడి మెట్టు మీదే మళ్లీ కూర్చున్నారు, మధ్యలో చోటు వదిలి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. వీళ్లయితే ఆ రోకలితో ఒక ఫోటో కూడా దిగుతారు.

సంగతేమిటంటే, సోఫా సినిమాలని మూడున్నాయి. 'రేపటి సోఫా', 'మొన్నటి సోఫా', 'ఎల్లుండి సోఫా'. మూడోది బాగుండదని అభిమానులు వాళ్లలో వాళ్లు ఒప్పుకుంటారు గానీ, బయటివాళ్లు అంటే ఒంటికాలి మీద లేస్తారు. ఒక అల్లుడు, అతని పెళ్లాం, అతని అత్తగారు, ముగ్గురూ ఎర్ర సోఫా మీద కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటారు. మధ్య సీటు అత్తగారిది. ఆ సీటు పక్కన దిండ్ల సందులో ఒక గొడుగు పిడి ఉంటుంది. ముందుకు తోస్తే భవిష్యత్తు, వెనక్కి లాగితే గతం. పిడి అత్తగారి చేతిలోనే ఉంటుంది, చచ్చినా ఎవరికీ ఇవ్వదు. అల్లుడు నోరు జారినప్పుడల్లా దాన్ని చిన్నగా వెనక్కి లాగి "మళ్లీ చెప్పు అల్లుడూ" అంటుంది. కాలం నాలుగడుగులు వెనక్కి పోతుంది. అల్లుడు మళ్లీ చెప్పాలి. ఆవిడకు నచ్చేదాకా చెబుతూనే ఉండాలి.

అభిమానులకు ఇది వట్టి హాస్యం కాదు, శాసనం. తెర మీద ఆవిడ పిడి లాగిందంటే హాల్లో ఉన్నవాళ్లందరూ లేచి, వెనక్కి నడుచుకుంటూ తలుపుదాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంటారు. సినిమా మొత్తంలో ఆవిడ చాలాసార్లు లాగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తలుపు దగ్గరి సీటే కొనుక్కుంటారు తప్ప, లేవకుండా మాత్రం ఉండరు.

ఇక ఈ ఇస్త్రీ షాపుకీ సోఫాకీ సంబంధం. మొదటి సినిమాలో సోఫా తొలిసారి భవిష్యత్తులోకి ఎగిరి దిగేది ఈ షాపు ముందే. షూటింగు రోజున ఇస్త్రీవాడి వేషం వేయాల్సిన నటుడికి కడుపు నొప్పి వచ్చింది. వేషమెందుకు, అసలు ఇస్త్రీవాడే ఉన్నాడుగా అని ఎవరో అన్నారు. అలా కోడలి మామగారు, అప్పటికి నలభై నిండిన మనిషి, కెమెరా ముందు నిలబడ్డాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క. సోఫా దిగుతుంది, అల్లుడు "అయ్యా, ఇది ఏ సంవత్సరం?" అంటాడు, ఈయన "రెండు వేల ఇరవై ఐదు బాబూ. కాస్త జరగండి, బట్టలు నలుగుతాయి" అనాలి. అంతే.

లైట్లు మొహాన కొట్టాయి. ఎదురుగా ఎవరో మర్యాదస్తుడు ఏ సంవత్సరమని అడిగాడు. అడిగినవాడికి ఉన్నమాట చెప్పడం ఈయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "ఎనభై తొమ్మిది బాబూ" అనేశాడు. "కాస్త జరగండి, బట్టలు నలుగుతాయి" అన్నది మాత్రం పొల్లు పోకుండా చెప్పాడు.

అప్పటికే వెలుతురు పోయింది. సినిమావాళ్లు సోఫా ఎత్తుకుని వెళ్లిపోయారు. ఎడిటింగులో చూసుకుని డైరెక్టరు పడీ పడీ నవ్వి, ఆ తప్పును అలాగే ఉంచి, దాని చుట్టూ కథ మార్చుకున్నాడట. ఇస్త్రీవాడి మాట నమ్మి అల్లుడు సోఫా కదలనే లేదనుకుంటాడు. తిన్నగా ఇంటికెళ్లి, తన చెప్పులేసుకు తిరుగుతున్న ముసలాయనతో కుస్తీకి దిగుతాడు. ఆ ముసలాయన తనే. జనం కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు. నవ్విన నాపచేనే పండిందన్నట్టు మూడు సినిమాలూ ఆ ఒక్క తప్పు మీద పండాయి. అప్పటినుంచి అభిమానులు ఎక్కడ కలుసుకున్నా "ఎనభై తొమ్మిది!" అంటారు. చొక్కాల మీద అచ్చేయించుకుంటారు. ఒకడైతే మెడ మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. షాపుకొచ్చి, తాతగారూ ఒక్కసారి అనండి అని ఫోన్లు పైకెత్తుతారు. ఆయన అంటాడు, నవ్వుతాడు, మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంటాడు.

ఇందులో కోడలికి వచ్చిన కష్టం ఏమిటంటే, గోడ.

షాపు ముందు గోడకు అప్పుడు పాచిరంగు ఉండేది. ఇప్పుడూ అదే రంగు. పెచ్చు ఊడినప్పుడల్లా మామగారు రంగులు కలిపి కలిపి అదే పాచి వచ్చేదాకా నిద్రపోడు. కిటికీ అద్దానికి అప్పుడు మూల పగులుంది, ఇప్పుడూ ఉంది, వాన పడితే లోపలికి నీళ్లొస్తాయి. బల్ల కాలి కింద అప్పుడు ఇటుక ముక్క ఉంది. వడ్రంగిని పిలిచి కోడలు ఆ కాలు బాగు చేయిస్తే, మర్నాడు ఆయన రంపం తెచ్చి కాలు కోసి ఇటుక ముక్క మళ్లీ పెట్టాడు. బొగ్గుల పెట్టె బల్లకు ఎడమవైపే ఉండాలి. దాంతో ఇప్పుడు ఎవరూ ఇస్త్రీ చేయరు, అయినా ఉండాలి. ఎదురు వీధివాడు ఆవిరి మిషన్లు పెట్టి, గాజు తలుపులు పెట్టి, తెల్లటి లైట్లు పెట్టి ఆమె ఖాతాదార్లను ఒక్కొక్కరినే లాక్కుపోతుంటే, కోడలు పగిలిన అద్దం కింద బకెట్టు పెట్టుకుని కూర్చుంది. గోడ పగలగొట్టి ముందుకు జరిపితే గానీ మిషను పట్టదు. ఆ మాటే ఆయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆ గోడకు చెప్పుకున్నా అంతే. భర్త సంగతి అడక్కండి. తండ్రికీ పెళ్లానికీ మధ్య మాట వచ్చిందంటే అతనికి బట్టలు డెలివరీ ఇవ్వాలని గుర్తొస్తుంది.

ఒకసారి తెగించి, మామగారు ఊళ్లో లేనప్పుడు మేస్త్రీని పిలిచింది. మేస్త్రీ సుత్తి ఎత్తాడు, గోడను చూశాడు, సుత్తి దించాడు. "ఈ గోడ మీద నేను దెబ్బెయ్యను మేడమ్. నేను సోఫా మనిషిని" అన్నాడు.

చివరికి మామగారు ఒక్క మాటిచ్చాడు. "సినిమాలో సోఫా దిగే తేదీ ఉంది చూడు, తెర మీద అక్షరాల్లో వేస్తారు. ఆ రోజు రానీ అమ్మా. ఆ తర్వాత షాపు నీ ఇష్టం."

ఆ రోజే ఈ రోజు.

అందుకే మెట్టు కడుగుతున్నా కోడలి మనసు ఒకచోట లేదు. సాయంత్రం సోఫాభక్తులంతా ఊరేగింపుగా వస్తారు. ముసలాయనతో ఆ ముక్క అనిపించుకుంటారు, కేకలేస్తారు, పోతారు. రేపటినుంచి గోడ తనది. లోపల ఆయన ముప్ఫై ఆరేళ్ల కిందటి గళ్ల చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అప్పుడు బిగుతుగా ఉన్న చొక్కా ఇప్పుడు ఆయన మీద ఆరేసినట్టుంది. పెదాలు కదులుతున్నాయి.

"రెండు వేల ఇరవై ఐదు బాబూ. రెండు వేల ఇరవై ఐదు బాబూ."

"ఏంటి మామయ్యా, ఎక్కాలు నేర్చుకుంటున్నారా?"

ఆయన దొంగతనం దొరికిపోయినట్టు ఉలిక్కిపడ్డాడు. "ప్రాక్టీసమ్మా."

"దేనికి?"

"రీటేకుకి."

కోడలు చీపురు పక్కన పెట్టింది.

"ఆ రోజు డైరెక్టరు గారు నా భుజం మీద చెయ్యేశారు" అన్నాడాయన, అద్దంలో కోడల్ని చూస్తూ. "పర్లేదు, మళ్లీ తీద్దాంలే అన్నారు. గోడ మారితే షాటు కలవదు, బల్ల మీద పెట్టె జరిపినా కలవదు, అన్నీ ఇలాగే ఉంచు అన్నారు. పొద్దున్నే వస్తారనుకున్నా. రాలేదు. సినిమానే వచ్చేసింది. హాలంతా నవ్వారు. మీ అత్తయ్య నా పక్కనే కూర్చుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?"

"ఆ తప్పు వల్లే కదా మామయ్యా సినిమా ఆడింది."

"ఆడింది. అందరికీ మంచే జరిగింది. కాదన్నానా? కానీ నేను చెప్పాల్సింది అది కాదు కదమ్మా. అంతమందిలో నన్ను నమ్మి ఒక్క ముక్క అప్పజెప్పారు. ఒక్కటే. అది నేను సరిగ్గా చెప్పలేదు."

"డైరెక్టరు పోయి చాలా ఏళ్లయింది మామయ్యా."

"తెలుసు. కెమెరా అక్కర్లేదు. ఆ సోఫా దిగాలి, ఆ మనిషి అడగాలి, నేను సరిగ్గా చెప్పాలి. ఇవాళైతే అది నిజం కూడా."

కోడలికి ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమొచ్చింది. ఆమెకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఇరవై ఏళ్లు ఈ మనిషి గొప్ప కోసం గోడను పట్టుకు వేలాడుతున్నాడని అనుకుంది. ఇరుగూ పొరుగుతో అంది కూడా. తీరా చూస్తే ఆయన పట్టుకు వేలాడుతున్నది సిగ్గును. చొక్కా కాలరు వెనక మడత పడి ఉంటే, ముక్కు ఎగబీలుస్తూ సరిచేసి ఇవతలికి వచ్చేసింది.

మధ్యాహ్నం పళ్ల డాక్టరు తన సూటు కోసం వచ్చాడు. సోఫా సంఘానికి అధ్యక్షుడతను. మీసం కాస్త సినిమాలో అల్లుడి మీసంలా ఉంటుందని ఏటేటా ఆ వేషం అతనిదే. ఆవపిండి రంగు సూటు. చూస్తే కళ్లు మండుతాయి, అయినా కోడలు దాన్ని మడత మీద గీత నిలిచేలా ఇస్త్రీ చేసి పెట్టింది. పని పనే.

"డాక్టరు గారూ, సాయంత్రం మా మామయ్య సరైన ముక్క చెబుతారు. కాస్త నిదానంగా అడగండి. ఆయన తడబడితే మళ్లీ అడగండి" అంది.

డాక్టరు మొహం, అతని కుర్చీలో కూర్చునేవాళ్ల మొహంలా పాలిపోయింది. "సరైన ముక్క అంటే?"

"రెండు వేల ఇరవై ఐదు."

"అమ్మో! వద్దమ్మా. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు, ఎనభై తొమ్మిది వినడానికి. ఆ ముక్క మారిస్తే మొదటి భాగం కూలిపోతుంది. మొదటిది కూలితే రెండోది కూలుతుంది. రెండోది కూలితే మూడోది..."

"మూడోది ఎలాగూ కూలిపోయే ఉందిగా" అంది కోడలు. అని నాలిక్కరుచుకుంది. సోఫా సినిమాలు ఒక్కటీ చూడలేదని, చూడనని ఊరంతా చెప్పుకునే మనిషి ఆమె.

డాక్టరు అది పట్టించుకునే స్థితిలో లేడు. "ఆ తప్పులోనే ఉందమ్మా అందమంతా."

"మీరెవరికైనా పుచ్చిన పన్ను బదులు పక్క పన్ను పీకారనుకోండి. ఆ ఫోటో గోడకు తగిలించి, ముప్ఫై ఆరేళ్లు వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి ఆహా ఏమందం అంటుంటే, మీరు నవ్వుతూ నిలబడతారా?"

డాక్టరు నోరు తెరిచాడు. పళ్ల డాక్టరు నోరు తెరిచి ఊరుకోవడం అరుదైన సంగతే. సూటు చంకన పెట్టుకుని, పోతూ పోతూ లోపలికి తొంగి చూశాడు. "తాతగారూ, సాయంత్రం మామూలుగానే కానిచ్చేయండి, ఏం?"

"అలాగే బాబూ" అన్నాడు మామగారు. ఆయన ఎవరికీ కాదనలేడు.

నాలుగింటికి సందు నిండిపోయింది. సందేమో సోఫా వెడల్పుకు ఒక మూరెడు ఎక్కువ. చక్రాలు బిగించిన ఎర్ర సోఫాను తాళ్లు కట్టి లాక్కొచ్చారు. ఒక పక్క డాక్టరు. ఇంకో పక్క పెళ్లాం వేషంలో లెక్కల మాస్టారు, మీసం తీయనని మొండికేసి గౌను మాత్రం వేసుకున్నాడు. మధ్యలో అత్తగారి సీట్లో బ్యాంకు క్యాషియరమ్మ, చేతిలో గొడుగు పిడి. పొగ రావాలి గనక నలుగురు పౌడరు డబ్బాలు పిసుకుతున్నారు. కోడలు ఉతికిన బట్టలన్నీ ముందే లోపల పెట్టేసింది కాబట్టి బతికిపోయారు. మేస్త్రీ ముందు వరసలోనే ఉన్నాడు, గుండెల మీద అంత లావున ఎనభై తొమ్మిది.

మామగారు బల్ల వెనక నిలబడ్డాడు. ఎడమవైపు బొగ్గుల పెట్టె, వెనక పాచి గోడ, పక్కన పగులు అద్దం. సోఫా ఆగింది. పౌడరు ఎగిరింది. డాక్టరు సినిమాలో లాగే పడుతూ లేస్తూ దిగి, జుట్టు చెదరగొట్టుకుని, గొంతు పెంచి అడిగాడు.

"అయ్యా! ఇది ఏ సంవత్సరం?"

మామగారు ఊపిరి పీల్చుకున్నాడు. ముప్ఫై ఆరేళ్లుగా వచ్చినవాడికల్లా చెప్పి చెప్పి అరిగిన నోరు, మెదడు చెప్పేదాకా ఆగలేదు.

"ఎనభై తొమ్మిది బాబూ."

సందు దద్దరిల్లింది. టోపీలు ఎగిరాయి. తెలియనివాళ్లు తెలియనివాళ్లను కావలించుకున్నారు. మామగారు నవ్వుతున్నాడు. ఆ నవ్వును కోడలు ఇరవై ఏళ్లుగా చూస్తోంది. ఇవాళ పొద్దునదాకా దాన్ని నవ్వే అనుకుంది.

ఆమె బల్ల పక్కనుంచి వచ్చి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ సోఫా దగ్గరికి వెళ్లింది.

"లేవండి" అంది క్యాషియరమ్మతో.

ఆ సీటులోంచి తనను ఎవరైనా లేవమంటారని క్యాషియరమ్మ కలలో కూడా అనుకోలేదు. కాబట్టి ఏమనాలో తోచక లేచింది. కోడలు అత్తగారి సీట్లో కూర్చుంది. గొడుగు పిడి రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగి, అచ్చం సినిమాలో ఆవిడ గొంతుతోనే, సాగదీసి అంది.

"మళ్లీ చెప్పండి మామయ్యా!"

కేకలు ఆగిపోయాయి.

"ఇది చెల్లదు" అన్నాడు డాక్టరు ముందుగా తేరుకుని. "ఆవిడ సంఘంలో లేదు. ఆవిడ సినిమానే చూడలేదు!"

"మీ డెలివరీలకని మా ఆయన బయటికి పోయినప్పుడల్లా చూశాను. మూడూ చూశాను. మూడోది రెండుసార్లు చూశాను, సిగ్గులేక" అంది కోడలు. "పిడి లాగానా లేదా?"

అప్పుడు మేస్త్రీ కదిలాడు. "లాగారు డాక్టరు గారూ. ఎవరు లాగారని సినిమాలో ఎక్కడా అడగరు." అని, షాపు వైపు మొహం పెట్టే, వెనక్కి ఒక అడుగు వేశాడు. తర్వాత ఇంకొకటి.

శాసనం శాసనమే. సందు మొత్తం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తాళ్లవాళ్లు సోఫాను వెనక్కి తోశారు. లెక్కల మాస్టారు గౌను తొక్కుకుని పడ్డాడు. ఒకడు డ్రైనేజీలో కాలేశాడు. ప్యాంటు తీసుకెళదామని వచ్చిన ఒక పెద్దమనిషి, ఏ సినిమా సంగతీ తెలియకపోయినా, నలుగురితో నారాయణా అనుకుని ఆయనా వెనక్కి నడిచాడు. మూలదాకా వెళ్లి, మళ్లీ వచ్చారు. పౌడరు ఎగిరింది.

"అయ్యా! ఇది ఏ సంవత్సరం?"

"ఎనభ..." అని మామగారు నాలిక కరుచుకున్నాడు. అలవాటుగా సగం మంది కేకేశారు. కోడలు పిడి లాగింది. మళ్లీ వెనక్కి. ఈసారి "రెండు వేల... తొమ్మిది" అన్నాడు. నవ్వారు. లాగింది. ఎన్నిసార్లు లాగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పౌడరు అయిపోయింది. ఆవపిండి సూటు మీద గీత చచ్చిపోయింది. మోకాళ్లవాళ్లు గోడలు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. నవ్వులు పల్చబడ్డాయి. ఒకరిద్దరు "మెల్లిగా చెప్పండి తాతగారూ, తొందరేం లేదు" అనడం మొదలుపెట్టారు. మూలదాకా పోయేటప్పుడు "ఈసారి అంటాడు చూడు" అని గుసగుసలు. ఎనభై తొమ్మిది వినడానికి వచ్చినవాళ్లు అది వినపడకుండా ఉంటే బాగుండునని కోరుకుంటున్నారని వాళ్లకే తెలియదు.

సోఫాతోపాటు కోడలూ వెళుతోంది, వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఎదురుగా షాపు కనిపిస్తోంది, సినిమాలో కనిపించినట్టే. ఇరవై ఏళ్లుగా బల్ల వెనకనుంచి వీధిని చూసిందే గానీ, వీధిలోంచి బల్లను ఇలా చూడలేదు. పాచిరంగు సరిపోయింది. అద్దం పగులు సరిపోయింది. ఇటుక ముక్క, బొగ్గుల పెట్టె, అన్నీ అణువణువూ సరిపోయాయి. ఆ షాటులో కలవనిది ఆయనొక్కడే. నెత్తిన జుట్టు లేదు, చొక్కాలో మనిషి లేడు. అన్నిటినీ కదలనివ్వకుండా పట్టుకుని, తను మాత్రం ముసలాడైపోయాడు.

సోఫా ఆగింది. డాక్టరు ఈసారి పడుతూ లేస్తూ దిగలేదు. నటించే ఓపిక లేక మామూలుగా దిగి, బల్ల మీద చేతులాన్చి, రొప్పుతూ అడిగాడు. జుట్టు చెదరగొట్టుకోలేదు, గొంతు పెంచలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

"అయ్యా, ఇది ఏ సంవత్సరం?"

అడిగినవాడికి ఉన్నమాట చెప్పడం మామగారికి పుట్టుకతో వచ్చిన జబ్బని చెప్పాను కదా. ఆయన డాక్టరు నెరిసిన మీసం చూశాడు. వెనక జనాన్ని చూశాడు. సోఫా మీద, చెంపలు నెరిసిన కోడల్ని చూశాడు.

"రెండు వేల ఇరవై ఐదు బాబూ" అన్నాడు. "కాస్త జరగండి, బట్టలు నలుగుతాయి."

ఎవరూ కేక వేయలేదు. డాక్టరు నిజంగానే పక్కకు జరిగాడు. చిన్నప్పుడు తెర మీద చూసి, అబ్బో అది వచ్చేదాకా మనముంటామా అనుకున్న సంవత్సరం వచ్చేసిందని, పైగా అది ఈ ఇరుకు సందులో, తమ పొట్టలతో, మోకాళ్లతో కలిసి వచ్చేసిందని వాళ్లకు అప్పుడే తెలిసినట్టుంది. క్యాషియరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. లెక్కల మాస్టారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని ఆపేశాడు.

మామగారు ఇంకా ఎదురు చూస్తున్నాడు. ఎవరో ఒకరు ఒక మాట అనాలి. అది అనాల్సినవాడు లేడు. ఆయన చూపు జనంలో ఒక్కొక్కరి మీదా ఆగి ఆగి, చివరికి కోడలి దగ్గరికొచ్చింది.

"బాగా వచ్చిందా అమ్మా?"

కోడలు గొడుగు పిడి వదిలేసింది. "వచ్చింది మామయ్యా. షాటు ఓకే" అంది.

ఆయన తల ఊపాడు. గళ్ల చొక్కా పై గుండీ తీసుకున్నాడు. బల్ల మీద ఎడమవైపున్న బొగ్గుల పెట్టెను రెండు చేతులా ఎత్తి, కుడివైపు పెట్టాడు. ఎవరో కెవ్వుమన్నారు. ఆయన పట్టించుకోలేదు.

"అయితే సెట్టు తీసేయండి" అన్నాడు.

ఈ మాట కోసం కోడలు ఇరవై ఏళ్లు కాచుకుంది. వినపడ్డ రోజున వీధిలో గంతులేస్తాననుకుంది. తీరా వినపడ్డాక సోఫా దిగి, వెళ్లి పాచి గోడ మీద అరచెయ్యి ఆన్చి కాసేపు నిలబడింది. గోడ ఎండకు వెచ్చగా ఉంది. తర్వాత ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"ఏం మేస్త్రీ, వినపడలేదా? సుత్తి తెచ్చుకో" అంది.